అమ్మ కంచం ఏదీ?

పోయిన సంక్రాంతికి ఊళ్లో ఇల్లు ఖాళీ చేశాం. నాన్న పోయాక అమ్మ ఒక్కతే అంత ఇంట్లో ఉండటం మాకెవరికీ ఇష్టం లేదు. 'హైదరాబాద్ వచ్చెయ్యమ్మా' అని నాలుగేళ్లుగా పోరుతుంటే ఇన్నాళ్లకి సరేనంది. తీరా బయల్దేరే ముందు ఒక షరతు పెట్టింది. 'గిన్నెలు మాత్రం నేను చెప్పినట్టే సర్దాలి. ఒక్కటి కూడా అమ్మడానికి వీల్లేదు.'

గిన్నెలే కదా అనుకున్నాను. అటక మీది సామాను కిందికి దించాక గానీ సంగతి బోధపడలేదు. బిందెలు, గుండిగలు, గంగాళం, ఇత్తడి తపేలాలు, మరచెంబు, క్యారేజీలు, రాచ్చిప్ప, ఎవరి పెళ్లికి కొన్నారో తెలియని అన్నపు హస్తాలు నాలుగు... వసారా అంతా నిండిపోయింది. మూడు గదుల ఫ్లాటులో ఇవన్నీ ఎక్కడ పెడతామని నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం.

మా అమ్మాయికి మాత్రం పండగ. ఏడో తరగతి చదువుతోంది. కనిపించిన ప్రతి గిన్నే తిరగేసి, దాని మీద చెక్కిన అక్షరాలు చదవడం దానికి ఆటైపోయింది. అలా చదువుతూ చదువుతూ స్టీలు కంచాల దగ్గరికొచ్చింది. 1983 దీపావళికి నాన్న బెజవాడ వెళ్లి కొనుక్కొచ్చిన కంచాలవి. అంచు మీద పేర్లు చెక్కించి మరీ తెచ్చాడు. ఆ రోజు మా ముగ్గురికీ భూమ్మీద కాళ్లు నిలవలేదు. నా కంచంలో నువ్వు తిన్నావంటే నువ్వు తిన్నావని అన్నయ్యా నేనూ ఎన్నిసార్లు కొట్టుకున్నామో లెక్కలేదు.

'ఇది తాతయ్యది... ఇది ముత్తవ్వది... ఇది పెదనాన్నది... ఇది అత్తది... ఇది నీది నాన్నా' అంటూ మా అమ్మాయి ఒక్కొక్కటే పక్కన పేర్చింది. మొత్తం అయిదు. అటూ ఇటూ వెతికింది. మూటలు కడుతున్న మా అమ్మ వైపు తిరిగి అడిగింది.

'నాయనమ్మా, నీ ప్లేటు ఏదీ?'

అమ్మ తలెత్తకుండానే అంది. 'నాకెందుకే కంచం? గిన్నె ఉందిగా!'

అమ్మ నవ్వుతూనే అంది. మా అమ్మాయీ నవ్వింది. నాకే నవ్వు రాలేదు. ఎందుకంటే అది నిజం. అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలో మిగిలిన అన్నంలోనే అడుగున ఉన్న పప్పో పులుసో వేసుకుని, వంటింటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని అమ్మ తినేది. 'ఎలాగూ తోమాల్సిన గిన్నేగా, మళ్లీ ఇంకో కంచం ఎందుకు?' అనేది. నలభై ఏళ్లపాటు ఆ దృశ్యం చూస్తూ పెరిగాను. ఆవిడకి కంచం లేదన్న సంగతి మాత్రం పన్నెండేళ్ల పిల్ల అడిగేదాకా నా బుర్రకి తట్టలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చూశాను. అమ్మ పేరు అసలు లేకపోలేదు. పుట్టింటివాళ్లు పెట్టిన బిందెల మీద, గుండిగల మీద, తపేలాల మీద ఆవిడ పేరు, పెళ్లయిన సంవత్సరం 1969 ఉన్నాయి. ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. తోమీ తోమీ అరిగిపోయినా ఇంకా చదవొచ్చు. వండే గిన్నెలన్నిటి మీదా అమ్మ పేరుంది. తినే కంచం మీద లేదు.

* * *

కంచం అన్న మాట కంచు నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. రాగిలో తగరం కలిస్తే కంచు. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి. కలిగినవాళ్ల ఇళ్లలో కంచు కంచాలు, వెండి కంచాలు ఉండేవి. మిగిలినవాళ్లకి సత్తు పళ్లేలు, లేదంటే విస్తళ్లు. మోదుగాకులో అడ్డాకులో తెచ్చుకుని పుల్లలతో కుట్టుకోవడమే. విస్తరితో ఉన్న సుఖం ఏమిటంటే, అది ఎవరి సొంతమూ కాదు. తిన్నాక మడిచి పారేస్తే పోయింది. పేరుండదు, తోమక్కర్లేదు.

ఇత్తడి గిన్నెలు అలా కాదు. వాటిని సాకడం ఒక పెద్ద పని. చింతపండు పులుసు ఉత్త ఇత్తడిలో ఉంచితే చిలుం ఎక్కుతుంది, పులుసు చేదెక్కి విషమవుతుంది. అందుకే లోపల తగరం పూత వేయించేవారు. అదే కళాయి. 'గిన్నెలకు కళాయి పోస్తాం' అని వీధిలో కేక వినిపిస్తే పిల్లలందరం పరుగెత్తేవాళ్లం. ఆయన చెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదేవాడు. గిన్నె బాగా కాలాక నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్క తాకించి, గుడ్డతో గిర్రున తుడిచేవాడు. గుప్పున తెల్లటి పొగ. చూస్తుండగానే గిన్నె లోపల వెన్నెల కాసినట్టయ్యేది. కొన్నాళ్లకి ఆ పూత అరిగేది, మళ్లీ ఆయన రావాల్సిందే. పులుసుల కోసమైతే ఈ బాధ లేకుండా రాచ్చిప్పలు వాడేవారు. రాతికి పులుపుతో పేచీ లేదు.

ఈ తంటాలన్నిటికీ తెర దించింది స్టీలు. దీని కథ చిత్రమైనది. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు తొందరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. ఉక్కులో క్రోమియం కలిపి చూశాడు. అది అంత తేలిగ్గా తుప్పు పట్టడం లేదని, పులుపు తగిలినా చెక్కుచెదరడం లేదని గమనించాడు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే కట్టుకుంటుంది. షెఫీల్డ్ అంటే చాకులకూ చెంచాలకూ పేరున్న ఊరు. ఇంకేముంది, తుపాకీ కోసం వెతికిన లోహం భోజనాల బల్ల మీదికి చేరింది.

మన ఇళ్లలోకి అది నెమ్మదిగా వచ్చింది. అరవైల్లో స్టీలు గిన్నె ఉండటం గొప్ప. డెబ్భైలు, ఎనభైల నాటికి మధ్యతరగతి ఇళ్లన్నిటా అదే. పాత పట్టుచీరలకీ, జరీ అంచులకీ స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు వీధుల్లోకి వచ్చేవారు. బరువైన చీర ఇస్తే చిన్న గిన్నె చేతిలో పెట్టి, ఆడవాళ్లతో గంటసేపు బేరమాడేవారు. షాపులో కొంటే పేరు చెక్కి ఇచ్చేవాళ్లు. ఆ చెక్కే మిషను జుయ్యిమని చేసే చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

పేరెందుకంటే కారణముంది. అప్పట్లో ఊళ్లో పెళ్లయితే ఇంటింటి నుంచీ గిన్నెలు వెళ్లేవి. పెళ్లయ్యాక ఎవరివి వాళ్లకి చేరాలంటే గుర్తుండాలి. అలా మొదలైన పేరు కంచం మీదికొచ్చేసరికి ఇంకో అర్థం తెచ్చుకుంది. ఈ ఇంట్లో నీకో చోటుంది, ఈ పూట నీకో ముద్దుంది అని చెప్పే రసీదు అయింది.

ఇదేదో మన ఒక్కళ్ల సంగతే అనుకోకండి. జపాన్‌లో ఇంట్లో ఒక్కొక్కరికీ సొంత అన్నం గిన్నె, సొంత చాప్‌స్టిక్స్ ఉండటం మామూలు. పెళ్లయినవాళ్లకి కానుకగా జంట గిన్నెలిస్తారు. అందులో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది ఎవరికో చెప్పక్కర్లేదు కదా? అక్కడ కనీసం చిన్న గిన్నయినా ఉంది!

* * *

భోజనం దగ్గర పద్ధతులు మాకు బాగానే నేర్పారు. కాళ్లూ చేతులూ కడుక్కుని పీట మీద కూర్చోవాలి. కుడిచేత్తోనే తినాలి. ఎడమచెయ్యి కంచానికి తగలకూడదు. మెతుకులు కింద పడకూడదు. చప్పుడు చేస్తూ జుర్రకూడదు. మంచినీళ్లు ఎత్తిపోసుకుని తాగాలి. పప్పు తర్వాత కూర, పచ్చడి, ఆ తర్వాత పులుసో చారో, చివరికి మజ్జిగ. పక్కవాళ్లది కాకముందు బంతిలోంచి లేవకూడదు. ఇన్ని నియమాల్లో 'వండినావిడ తిన్నదా అని అడగాలి' అన్న ఒక్క నియమం మాత్రం ఎవరూ నేర్పలేదు.

మా ఇంట్లో వరస ఇదీ. ముందు నాన్న, మేం పిల్లలం. తర్వాత నాయనమ్మ. ఆఖరికి అమ్మ. వంట మధ్యలో రుచి చూస్తే ఎంగిలని మా నాయనమ్మకి పట్టింపు. కాబట్టి కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అమ్మకి తెలిసే మార్గం ఒక్కటే. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆయన మొహం చూడటం. ఆయన మాట్లాడకుండా రెండో ముద్ద కలిపితే బాగున్నట్టు. చెయ్యి ఆగితే తక్కువైనట్టు. కంచం పక్కకి జరిపితే ఎక్కువైనట్టు. కూరకి వంకపెట్టే హక్కు నాన్నది, మాది. అమ్మ తినే వేళకి వంకపెట్టడానికి ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు. అసలు కూరే ఉండేది కాదు చాలాసార్లు.

ఆఖరున తినేవాళ్లకి ఏం మిగులుతుంది? పప్పులో తేట. పులుసులో ముక్కలైపోగా రసం. కోడికూర రోజయితే ఎముకలు, కరివేపాకు. పాలు తాగాల్సింది పిల్లలు, గుడ్డు తినాల్సింది ఎదిగే మగపిల్లాడు, పెరుగు కావాల్సింది పొలం వెళ్లొచ్చే మనిషికి. మిగిలిన ఆవకాయ, అన్నం అమ్మకి. అనుకోకుండా చుట్టాలొస్తే అదీ లేదు. 'నాకు ఆకలిగా లేదర్రా' అనేది. ఆ మాట మేమంతా నమ్మేవాళ్లం. నమ్మడమే మాకు సుఖం కాబట్టి.

ఇది పాత కథ, ఇప్పుడెక్కడుంది అనకండి. 2019-21లో దేశమంతటా జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగవాళ్లలో 25 శాతం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లలో సగం మందికి పైగానే ఈ బాధ పడుతున్నారు. దీనికి నెలసరి, కాన్పులు వంటి కారణాలు చాలా ఉన్నాయి. అంతా భోజనాల వరస వల్లే అనడం సరికాదు. కానీ రక్తం ఎక్కువ పోయే మనిషికి కూర తక్కువ మిగలడం ఏం న్యాయం?

ఇంకో అలవాటు కూడా ఉంది. అందరికీ వడ్డించి అలిసిపోయి, నాలుగు ముద్దలు తిన్నాననిపించుకుని, వెంటనే గ్లాసెడు టీ తాగడం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి ముందూ తర్వాతా కనీసం గంటసేపు టీ, కాఫీ తాగొద్దని ఉంది. తిన్న ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా టీ అడ్డుపడుతుంది. నిమ్మకాయ, ఉసిరికాయ అయితే పట్టేలా చేస్తాయి. పప్పులో నిమ్మరసం పిండుకోవడం మనకి తెలిసిన రుచే. అయితే పిండుకోవడానికి ముందు పప్పు మిగలాలి కదా!

* * *

ఇదంతా మా అమ్మ తరం సంగతి, నా ఇల్లు అలా లేదు అనుకున్నాను. మాకు డైనింగ్ టేబుల్ ఉంది. అందరివీ ఒకేలాంటి పళ్లేలు. ఎవరి పేర్లూ లేవు. సమానత్వమంటే ఇదేగా!

అమ్మ వచ్చిన వారానికి నా గర్వం దిగిపోయింది. అమ్మని టేబుల్ దగ్గర కూర్చోమంటే 'మీరు కానివ్వండి, నేను కోడలితో తింటాను' అంది. అప్పుడు చూశాను. మా టేబుల్‌కి ఆరు కుర్చీలు. మేం ముగ్గురం. మా ఆవిడ కుర్చీలో రైస్ కుక్కర్ కూర్చుని ఉంది! ఆవిడేమో వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఒక చేత్తో చపాతీ కాలుస్తూ, రెండో చేత్తో నోట్లో ఏదో వేసుకుంటోంది. ఉద్యోగం చేస్తుంది, జీతం నాకంటే రెండు వేలు ఎక్కువ. అయినా వేడి చపాతీ మాకు, ఆఖరి చపాతీ ఆవిడకి.

'నువ్వు రోజూ ఇలాగే తింటావా?' అని అడిగాను. 'పద్నాలుగేళ్లయింది, ఇప్పుడు కనిపించిందా?' అంది. జవాబు చెప్పడానికి నా దగ్గరేం లేదు. చపాతీ ఉంది, తిన్నాను.

అప్పుడే మా అక్క కంచం గుర్తొచ్చింది. పెళ్లయి వెళ్లేటప్పుడు తన పేరున్న కంచం పుట్టింట్లోనే వదిలేసి వెళ్లింది. అత్తవారింట్లో తనకో కంచం ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

పెళ్లిళ్లలో బఫేలు వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఎంత తిట్టుకున్నారో మీకూ గుర్తుండే ఉంటుంది. నిలబడి తినడమేమిటి, అడుక్కున్నట్టు పళ్లెం పట్టుకుని తిరగడమేమిటి అన్నారు. నేనూ వంత పాడాను. అరటాకు వేసి, బంతిలో కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డిస్తే ఉండే మర్యాద బఫేలో ఎక్కడొస్తుంది? కానీ ఇప్పుడనిపిస్తోంది. బఫేలో మా అమ్మ తన పళ్లెం తను తీసుకుంది, తనకి కావాల్సింది తను వేసుకుంది. మా నాన్నతోపాటే తింది. బంతి భోజనంలో అన్ని బంతులూ లేచాక ఆఖరి బంతి ఎవరిదో మనకి తెలుసు.

* * *

మా అమ్మాయికి ఈ కంచాల పిచ్చి తగ్గలేదు. ఒకరోజు బాల్కనీ కిటికీ గట్టు మీది స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. 'దీని మీద పేరు లేదేంటి?' అంది.

పేరు చెక్కకుండానే ఎవరిదో ఇంట్లో అందరికీ తెలిసిన గ్లాసు అది. ఆరేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్నావిడది. టీ అందులోనే పోస్తాం. ఆవిడ తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లిస్తుంది. ఆ గ్లాసు విడిగా పెట్టమని నేను చెప్పలేదు. మా ఆవిడా చెప్పలేదట. ఎవరూ చెప్పకుండానే అది అక్కడికి చేరిపోయింది. మా గిన్నెలన్నీ తోమేది ఆ చేతులే. తోమిన గిన్నెలో మనం తినొచ్చు, మన గ్లాసులో ఆవిడ తాగకూడదు. దీనికి లెక్క చెప్పమని మా అమ్మాయి అడిగితే ఏం చెబుతాను?

ఆ గ్లాసు చూస్తే మా ఊరి పశువుల కొట్టం గుర్తొచ్చింది. దాని చూరులో ఒక సత్తు పళ్లెం దోపి ఉండేది. మా పాలేరుది. మధ్యాహ్నం దాన్ని తీసి పట్టుకుంటే అమ్మ పైనుంచి అన్నం వేసేది. తిని, కడుక్కుని, మళ్లీ చూరులో దోపేవాడు. ఊరి టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. మాకు లోపలున్న గాజు గ్లాసులు. పేట నుంచి వచ్చినవాళ్లకి బయట మేకుకి తగిలించినవి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టమైతే హోటళ్లలో పాత్రలు వాడుకోనివ్వకపోవడం కూడా నేరమేనని విడిగా రాసింది. గిన్నెల గురించి చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఆ గిన్నెల్లో ఎంత విషం ఉందో ఆలోచించండి. కళాయి లేని ఇత్తడిలో పులుసు నయం.

చట్టం హోటల్ దాకా వస్తుంది. మన వంటింటి కిటికీ గట్టు దాకా రాదు. అక్కడికి మనమే వెళ్లాలి.

ఇంట్లో ఒకరికి విడిగా కంచం లేదు. ఇంకొకరికి విడిగా గ్లాసుంది. చూడ్డానికి ఎదురెదురు సంగతులు. కానీ రెండూ చెప్పేది ఒకటే మాట. 'నువ్వు మా బంతిలో మనిషివి కాదు.'

ఆ గ్లాసు తీసేసి, మిగతా కప్పులతో కలిపి ఆవిడకీ కప్పులో టీ ఇచ్చాం. మొదట మా అమ్మే గొణిగింది. 'ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి, ఇప్పుడు మార్చడమెందుకు?' అంది. జీవితమంతా గిన్నెలో తిన్న మా అమ్మ! మనుషులు అలాగే ఉంటారు. మనకి జరిగింది మనకి కనిపించదు, మనం చేసేది అసలే కనిపించదు. పనావిడ కూడా పది రోజులపాటు 'నా గ్లాసు ఏదమ్మా?' అని వెతుక్కుంది. కప్పు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే తాగింది. నెల తర్వాత ఒకరోజు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ 'బిస్కట్టు తింటావా?' అని అడిగింది. అంతే జరిగింది. మా ఇంటికి అదే ఎక్కువ.

* * *

ఇక కంచం సంగతి.

అమ్మ పుట్టినరోజుకి అచ్చం ఆ పాతవాటిలాంటి స్టీలు కంచం కొన్నాను. పేరు చెక్కేవాళ్ల కోసం నాలుగు కొట్లు తిరగాల్సి వచ్చింది. 'అమ్మ' అని రాయమంటారా అని అడిగాడు కొట్టతను. వద్దన్నాను. ఆవిడ పేరే రాయించాను. అందరికీ అమ్మే, అత్తే, నాయనమ్మే అయిన మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. కంచమైనా పిలవనీ అనుకున్నాను.

అమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. తర్వాత గుడ్డలో చుట్టి బీరువాలో దాచేసింది! 'కొత్తది, గీతలు పడతాయి' అంది. మళ్లీ గిన్నే.

అప్పుడర్థమైంది. కంచం కొనడం తేలిక. అందులో వడ్డించే మనిషి కావాలి. వడ్డించేవాళ్లు ఉన్నప్పుడే కదా ఎవరైనా కంచం ముందు కూర్చునేది? పెట్టుకుని తినే మనిషికి గిన్నె చాలు.

ఆ ఆదివారం వంట నేను చేశాను. గొప్పలకి పోలేదు. ముద్దపప్పు, వంకాయ కూర, చారు. రైస్ కుక్కర్‌ని కుర్చీలోంచి దించి గట్టు మీద పెట్టాను. గిన్నెలన్నీ టేబుల్ మధ్యలోకి తెచ్చి, గరిటెలు వేసి పెట్టాం. బీరువాలోంచి కంచం మా అమ్మాయి తీసుకొచ్చింది. అమ్మ కూర్చోలేదు. మూడుసార్లు లేచింది. నెయ్యి తెస్తానని ఒకసారి, మంచినీళ్లకని ఒకసారి, ఎందుకో తనకే తెలియకుండా ఇంకోసారి. 'నువ్వు కూర్చుంటే గానీ మేం చెయ్యి పెట్టం నాయనమ్మా' అంది మా అమ్మాయి. కూర్చుంది. నేను వడ్డించాను. అందరం ఆవిడకేసి చూస్తూ కూర్చున్నాం, ఒకప్పుడు ఆవిడ నాన్న మొహం చూసినట్టు.

అమ్మ కూర కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కొంచెం ఆగింది.

'ఉప్పు తక్కువేశావురా' అంది.

అమ్మకిప్పుడు డెబ్భై నాలుగేళ్లు. ఆవిడ కూరకి వంకపెట్టడం వినడం నాకదే మొదటిసారి. పరుగెత్తుకెళ్లి ఉప్పు డబ్బా తెచ్చాను.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ ఒక్క పని చేయండి. అందరూ తిన్నాక ఆఖరున ఎవరు తింటున్నారో, ఎందులో తింటున్నారో, ఏం మిగిలిందో ఓసారి తొంగి చూడండి. కిటికీ గట్టు మీద గ్లాసేమైనా ఉందేమో అదీ చూడండి. పేర్లు చెక్కించక్కర్లేదు. పక్కన ఓ కుర్చీ ఖాళీ చేస్తే చాలు.